కెమెరా లేని పక్క

మా తమ్ముడి మెడ విరిగిన చప్పుడు నేను విన్నాను. సినిమాలో ఎముక విరిగితే వినిపించే చప్పుడు కాదు, అది ముల్లంగి విరిచి తీస్తారు, మాకు తెలుసు. ఇది చాలా చిన్నది, ఎవరో మెటికలు విరుచుకున్నట్టుగా ఉంది. యాప్రాల్‌లో ఆ స్టూడియో షెడ్డులో, భోజనాల వేళకు కాస్త ముందు, ఏసీల హోరులో కూడా నా చెవిన పడింది. చేతికి చుట్టుకుంటున్న పట్టీ అక్కడే పారేసి పరుగెత్తాను.

యుగంధర్ బోర్లా పడి ఉన్నాడు. కాళ్లు పరుపు మీద, తల సిమెంటు నేల మీద. ముక్కులోంచి కారిన రక్తం గడ్డం కింద మడుగు కట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి, కానీ చేతులు కదలడం లేదు. హరికిషన్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, "తమ్మీ, ఏమైందిర, లెవ్వు" అంటూ భుజం పట్టి తిప్పబోయాడు.

"ముట్టకు!" అని అరిచాను. "వాని మీద చెయ్యేస్తే నీ చెయ్యి ఇరుస్త, బాడ్కావ్!"

ఆ క్షణం దాకా ఆయన నాకు హరన్న. వయసులో పెద్దవాడు, మా నాయిన దగ్గర పని నేర్చుకున్నవాడు.

"అరే చెల్లె, నేనేం జేసిన? గాడే ముందుగాల కిందికి పోయిండు. టైమింగ్ తప్పిండు" అన్నాడు చేతులు పైకెత్తి. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. ఇన్నేళ్లు సినిమాల్లో ఉన్నాక ఎవడికి రావు నీళ్లు?

నా పేరు రజిత. మీరు నన్ను చూసే ఉంటారు, నా మొహం మాత్రం చూసి ఉండరు. హీరోయిన్ లారీ మీంచి దూకితే దూకింది నేను, ఆమె కిటికీ అద్దం పగలగొట్టుకుని బయటపడితే ఆ గాజుముక్కలు దిగింది నా వీపులో. యుగంధర్ కూడా ఫైటరే. మాది మెట్టుగూడ. మా నాయిన పేరు పర్వతాలు, రాంగోపాల్‌పేట్‌లో తాలీం నడిపి, ఎర్రమట్టిలో నూనె కలిపి పిల్లలకు కుస్తీ నేర్పేవాడు, తర్వాత సినిమా ఫైటరయ్యాడు. ఆయన పోయి చాలా కాలమైంది, కానీ ఆయన మాట ఒకటి మా పనికి ప్రాణం. పట్టులో చిక్కినవాడు అవతలివాడి ఒంటి మీద రెండుసార్లు తట్టాడంటే వదిలెయ్యాలి. అంతే.

"తట్టినంక ఇడువాలె. వాడు నీ దుష్మన్ గానీ, నీ కొంప ముంచినోడు గానీ, తట్టినంక ఇడువాలె" అనేవాడు నాయిన. డైరెక్టర్ కట్ చెప్పకపోయినా, కెమెరా తిరుగుతూనే ఉన్నా, తట్టితే చేతులు తెరుచుకోవాలి. గొంతు నొక్కుకుపోయి మాట రానప్పుడు మాకుండే మాట అదొక్కటే.

ఇక యాప్రాల్ సంగతి. ఒక పెద్ద సినిమా తీస్తున్నారు, దానితో పాటే దాని వీడియో గేమ్ కూడా విడుదల చేయాలని నిర్మాతల ఆశ. ఆ గేమ్ తయారు చేసేది ఉదయ్ భాస్కర్. వాళ్లది కాకినాడ వైపు, తండ్రి తరంలోనే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సన్నగా, మర్యాదగా, ఎప్పుడు చూసినా అన్నం తినడం మరిచిపోయినట్టుండే మనిషి. షెడ్డులో మాకు ఒంటికి అతుక్కునే నల్లబట్టలు తొడిగించి, కీలు కీలుకూ గోలీలంత తెల్లటి ఉండలు అంటించేవారు. మేం కొట్టుకుంటుంటే, కప్పు చుట్టూ బిగించిన ఎర్రకళ్ల డబ్బాలు ఆ గోలీల కదలికను పట్టి కంప్యూటర్‌లోకి పంపేవి. తెర మీద మేం పుల్లలతో చేసిన అస్థిపంజరాల్లా కనిపించేవాళ్లం. తర్వాత ఆ పుల్లల మీదే గేమ్‌లో హీరోకీ విలన్‌కీ కండా చర్మం తొడుగుతారు.

మొదటి రోజే గొడవైంది. సినిమా గుద్దుకీ దవడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. కెమెరా ఒక్క పక్కే ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ కనబడదు. దెబ్బ తినేవాడు సరైన సమయానికి తల తిప్పితే చాలు, థియేటర్‌లో ఈలలు పడతాయి. హరికిషన్ ఆ విద్యలో ఘనుడు. సెట్ మీదికి అడుగుపెట్టగానే ముందు కెమెరా ఎక్కడుందో చూసుకుంటాడు, ఆ తర్వాత ఎటు తిరగాలో ఆయన వీపుకే తెలుసు. అలాంటివాడి ఫైట్‌ను ఉదయ్ భాస్కర్ తెర మీద గిర్రున పక్కకు తిప్పి చూపించాడు.

"ఆడేవాడు ఇలా చుట్టూ తిరిగి చూస్తాడండి. ఇక్కడ కెమెరాకి ఒక పక్కంటూ ఉండదు. చూడండి, గాలిని కొడుతున్నారు మీరు" అన్నాడు.

నిజమే. రెండు పుల్లబొమ్మలు ఒకదాన్నొకటి తగలకుండానే ఎగిరెగిరి పడుతున్నాయి. నేను పగలబడి నవ్వాను. హరికిషన్ నవ్వలేదు.

అప్పట్నుంచి దెబ్బ తగలాల్సి వచ్చింది. మెత్తలు కట్టుకుంటాం, బలం తగ్గిస్తాం, కానీ తగలాలి. పట్టు పడితే నిజంగా పట్టాలి. చిన్నప్పటి నుంచీ తాలీం మట్టిలో దొర్లిన యుగంధర్‌కి ఇది పండగలా అనిపించింది. సినిమాలో రౌడీలు బుద్ధిగా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తన్నులు తిని పోతారు కదా, గేమ్‌లో అలా కుదరదు, అందరూ ఒకేసారి మీద పడతారు. వాడు ఆ మీద పడేవాళ్లను ఒకరి మీదికి ఒకరిని తోసేస్తూ, ఎక్కడా ఆగకుండా తిరిగే ఫైట్ ఒకటి కట్టాడు. సినిమా డైరెక్టర్ ఒకనాడు వచ్చి తెర మీద అది చూశాడు, అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ చూశాడు.

"నా క్లైమాక్స్ ఇట్లనే కావాలి. కట్ లేకుండా, కెమెరా చుట్టూ తిరుగుతనే ఉండాలె. ఇది కట్టినోడే నాకు మాస్టర్" అనేశాడు.

సినిమాను చూసి గేమ్ చేయడానికి పిలిచారు మమ్మల్ని, చివరికి గేమ్‌ను చూసి సినిమా తీస్తామన్నారు. నా తమ్ముడి కాళ్లు నేల మీద లేవు. ఫైట్ మాస్టర్ అనిపించుకోవాలని జుట్టు నెరిసేదాకా కాచుకున్న హరికిషన్ మాత్రం "ముబారక్ తమ్మీ" అంటూ వాడిని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలింత చూసి నాకు కడుపు నిండింది, ఎంత పిచ్చిదాన్నో.

వారం తిరక్కుండానే మెడ విరిగింది.

ఆ రోజు షాట్‌లో హరికిషన్ విలన్, యుగంధర్ పోలీసు. విలన్ పోలీసు తలను చంకలో ఇరికించి, అలాగే వెనక్కి పడి, తలను నేలకేసి కొట్టి చంపాలి. కింద పరుపు ఉంది. ఇలాంటివి మేం వంద చేశాం. నేను అవతల గోడ దగ్గర నా వంతు కోసం పట్టీ చుట్టుకుంటున్నాను, అటు తిరిగి లేను. మిగతాది చెప్పాను.

ఆస్పత్రిలో డాక్టర్లు మెడ ఎముక చిట్లిందన్నారు. నరం తెగలేదు, నడుస్తాడు, చేతుల్లోకి బలం మాత్రం మెల్లగా రావాలన్నారు. నేను బాత్రూంలోకి పోయి నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చాను.

మా యూనియన్ పెద్ద విజయేందర్ మాస్టర్. నాయినతో కలిసి పనిచేసినవాడు, కోపం తక్కువ, మాట తప్పడు. షూటింగ్‌లో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే తప్పు ఎవరిదో తేల్చేది ఆయనే. తప్పు కొట్టినవాడిదైతే వాడి కార్డు తీసుకుంటారు. తిన్నవాడు బెదిరి తప్పుగా పడ్డాడని తేలితే తిన్నవాడి కార్డు తీసుకుంటారు, ఎందుకంటే అలాంటివాడు రేపు పక్కవాడిని కూడా చంపుతాడు. కార్డు లేనివాడిని ఏ సెట్ గేటూ దాటనివ్వరు.

షెడ్డులో స్టాండు మీద మామూలు వీడియో కెమెరా ఒకటి ఉండేది. మాస్టర్ అందులోది వేయించుకుని చూశాడు. అందులో ఉన్నదంతా హరికిషన్ వీపు. వీపు, దాని కింద నా తమ్ముడి కాళ్లు, తర్వాత ఇద్దరూ పడిపోవడం.

"తట్టిండా?" అని అడిగాడు మాస్టర్.

"లేదు మాస్టర్. తట్టితే ఇడువనా? పర్వతాలన్న చేతుల పెరిగినోణ్ణి నేను" అన్నాడు హరికిషన్, నాయిన పేరు చెప్పి చెవులు కూడా పట్టుకున్నాడు.

"యుగంధర్‌ను అడుగుత. గాడు తట్టిన అంటే అది ఒక మాట" అన్నాడు మాస్టర్.

అక్కడే చిక్కొచ్చి పడింది. ఎందుకంటే యుగంధర్‌కి ఏమీ గుర్తు లేదు. పొద్దున ఇంట్లో ఉప్మా తిన్నది గుర్తుంది, షెడ్డులో బట్టలు తొడుక్కున్నది గుర్తుంది, ఆ తర్వాత ఆస్పత్రి పైకప్పు. మెడకు పెద్ద కాలర్ వేసి పడుకోబెట్టారు వాడిని. నన్ను చూడగానే అదే ప్రశ్న.

"అక్కా, నేను తట్టిన్నా?"

"తట్టే ఉంటవ్ రా."

"ఉంటవ్ అంటే గాదు. తట్టిన్నా, లేదా? హరన్న నన్నెందుకు చంపుతడే? నేనే మరిచి ఉంట. కార్డు పోతే పోనీ, ఆటో నడుపుకుంట. పర్వతాలు పహిల్వాన్ కొడుకు తట్టుడు మరిచిండని ఊరంత అంటే ఏం మొహం పెట్టుకొని తిరగాలె అక్కా?"

చెయ్యెత్తి కళ్లు తుడుచుకోలేక ఏడ్చాడు వాడు. నేనే తుడిచాను. హరికిషన్‌ను నడిరోడ్డు మీద ఈడ్చి తన్నాలనిపించింది నాకు, కానీ తంతే తమ్ముడికి వాడి జవాబు దొరుకుతుందా?

మర్నాడు పొద్దున్నే యాప్రాల్ పోయాను. ఉదయ్ భాస్కర్ తన అద్దాల గదిలో ఉన్నాడు. ఎదురుగా తెర మీద అదే షాట్ ఉంది, రెండు పుల్లబొమ్మలు, ఒకటి ఇంకోదాని చంకలో.

"ఏందిది?" అన్నాను. "ఇంకా ఉంచినవా దీన్ని?"

"నిర్మాతలు చూశారండి. అన్నింటిలోకీ ఇదే బాగా వచ్చింది, గేమ్‌లో పెట్టమంటున్నారు. ఇంత నిజంగా ఎవరూ నటించలేరని..."

మాట పూర్తి కానివ్వలేదు. కాలర్ పట్టి కుర్చీలోంచి లేపాను. "అది నా తమ్ముని మెడ! ఊళ్లె ప్రతి పోరడు బటన్ నొక్కి వాని మెడ ఇరుస్తడా? పొద్దుకు ఎన్నిమార్లు ఇరుస్తరు?"

అతను విడిపించుకోలేదు. "పెట్టనండి. నా అమ్మ మీద ఒట్టు, పెట్టను. తీసేయడానికే తెరిచాను. కానీ ఒకటి అర్థం కాక ఆగాను. ఈ చెయ్యి చూడండి ఒక్కసారి" అన్నాడు.

వదిలాను. అతను షాట్‌ను వెనక్కి తిప్పాడు. "ఇక్కడ యుగంధర్ గారి కుడిచెయ్యి అదురుతోంది. గోలీలు సరిగా అందక ఇలా వస్తుంటుంది, సాఫు చేసేద్దాం అనుకున్నా" అంటూ హరికిషన్ బొమ్మ మీద నొక్కాడు. ఆ బొమ్మ మాయమైంది.

తెర మీద నా తమ్ముడు ఒక్కడే మిగిలాడు. ఎవరూ లేని చోట నడుం వంచి, మెడ ఎవరికో అప్పగించినట్టు నిలబడి ఉన్నాడు. చెయ్యి లేచింది. గాలిలో రెండుసార్లు తట్టింది. ఆగింది. మళ్లీ రెండుసార్లు తట్టింది, ఈసారి తొందరగా. మళ్లీ తట్టింది. ఆ తర్వాత పుల్లలన్నీ ఒక్కసారిగా కిందికి పోయాయి.

"అయ్యో నా కొడుకా" అన్నాను. తమ్ముడే, కానీ అమ్మ పోయాక పెంచింది నేను, నోటికి ఆ మాటే వచ్చింది.

ఉదయ్‌కి తట్టడమంటే ఏమిటో చెప్పాను. అతను హరికిషన్‌ను మళ్లీ తెర మీదికి తెచ్చి, నేల కింద నుంచి, ఎదుటి నుంచి తిప్పి చూపించాడు. చెయ్యి తట్టినప్పుడు ఆ మోచెయ్యి తెరుచుకోలేదు, ఇంకా పైకి బిగుసుకుంది. ఎడమ మడమ వెనక్కి పోయి దేన్నో నెట్టింది. పరుపునే. తల పడాల్సిన చోటి నుంచి పరుపును తన్నేశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. హరికిషన్ అలవాటు ప్రకారం కెమెరా ఎక్కడుందో చూసుకున్నాడు, స్టాండు మీద కనబడింది, దానికి వీపు పెట్టాడు. పైనున్న డబ్బాలను లెక్కలోకే తీసుకోలేదు. వాటి వెనక మనిషి లేడు, రోలింగ్ అనేవాడు లేడు, మా వాళ్లకు అది కెమెరా ఎలా అవుతుంది? నిజం చెప్పాలంటే, తెర మీద బొమ్మలు చూస్తూ కూడా, నేనూ వాటిని లైట్లను చూసినట్టే చూశాను.

ఆ మధ్యాహ్నమే విజయేందర్ మాస్టర్‌ను, యూనియన్ వాళ్లను షెడ్డుకు పిలిచాను. హరికిషన్ కూడా వచ్చాడు, నుదుట బొట్టు, చేతిలో ఆస్పత్రికి తీసుకుపోవడానికట, పళ్ల సంచి. ఉదయ్ అంతా తిప్పి తిప్పి చూపించాడు. హరికిషన్ ఒక్క చిటికెలో తేరుకుని నవ్వాడు.

"మాస్టర్, కంప్యూటరోళ్లు వీళ్లు. సినిమాల ఏనుగును ఎగిరిస్తరు, చచ్చినోణ్ణి లేపి డాన్స్ జేయిస్తరు. గీ పుల్లబొమ్మ చెయ్యి కదిలియ్యనీకి ఎంతసేపు? ఈమె ఏడ్సింది, ఆయన గీసిచ్చిండు. గంతే."

మాస్టర్ ఉదయ్ వైపు తిరిగాడు. "నిజం జెప్పు బాబూ. ఇది గీయొచ్చా?"

ఉదయ్ నీళ్లు నమిలాడు. "గీయొచ్చండి. కానీ నేను గీయలేదు."

రెండో మాట ఎవరికీ వినబడలేదు. మొదటి మాటకే అందరూ తలలూపారు. కొట్టి చంపాలనిపించింది ఆ నిజాయితీపరుడిని.

"అయితే ఇప్పుడు పడదాం పట్టు" అన్నాను. "మీ అందరి ముంగట. హరన్న నన్ను పడతడు, యుగంధర్‌ను పట్టినట్టే. నేను తట్టుత. నేల మీద ఏమైతదో, తెర మీద ఏమొస్తదో, రెండూ మీరే చూడుండ్రి."

"నీకేమన్న పిచ్చా బిడ్డా?" అన్నాడు మాస్టర్.

"పిచ్చే. హరన్నకు భయమైతే వద్దనమను."

అందరి ముందు ఆ మాట అన్నాక ఎలా వద్దంటాడు? ఇద్దరం నల్లబట్టలు తొడుక్కున్నాం. గోలీలు అంటించారు. ఉదయ్ గోడ మీది పెద్ద తెర వేశాడు, మా పుల్లబొమ్మలు అందులో నిలబడ్డాయి. యూనియన్ వాళ్లకు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు. సినిమా వాళ్లు కదా, అందరూ పోయి స్టాండు మీది కెమెరా వెనకే నిలబడ్డారు. హరికిషన్ కూడా అటే చూశాడు. చూసి, మెల్లగా దానికి వీపు తిప్పాడు. తప్పు చేస్తున్నానని కూడా ఆ క్షణానికి అనుకుని ఉండడు, చేయి అన్నం ముద్ద కలిపినట్టు ఒళ్లే తిరిగింది.

నా తల ఆయన చంకలోకి పోయింది. చెమట, జర్దా వాసన. పట్టు వదులుగానే ఉంది, మంచివాడనిపించుకోవాలని చూస్తున్నాడు. నేను ఆయనకు మాత్రమే వినబడేలా అన్నాను.

"గాలిని గుద్దేటోడివి, నువ్వేం మాస్టర్వయితవ్ హరన్న? మా నాయిన అనేటోడు, హరిగానికి వీపే ఉన్నది, చేతుల్లేవ్ అని. యుగంధర్‌కు చేతులొస్తయ్. నీకు ఎన్నటికి రావు."

నాయిన ఆ మాట ఎన్నడూ అనలేదు. నేనే కల్పించాను. పట్టు బిగిసింది.

బిగిసిందంటే మామూలుగా కాదు. మోచేతి ఎముక నా గొంతు కింద దిగబడింది, దవడ పళ్లు కరకరమన్నాయి, చెవుల్లో రక్తం కొట్టుకుంది. రెండుసార్లు తట్టాను. వదల్లేదు. మళ్లీ తట్టాను. ఆయన గొంతు నా తల మీద నుంచి పైకి, హాయిగా, అందరికీ వినబడేలా పలికింది, "చూసిన్రా, జెర మెల్లగనే పట్టిన." కాళ్ల కింద పరుపు జరిగింది. అదే మడమ. నా తమ్ముడికి చివరగా ఏమనిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. ఎవరూ చూడటం లేదనిపించి ఉంటుంది.

"తెర చూడండి!" ఉదయ్ గదిలోంచి కేకేశాడు. "ఆవిడ తట్టుతున్నారు, తెర చూడండి!"

కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. చేతికి దొరికిన ఆయన చిటికెనవేలు పట్టి వెనక్కి విరిచాను. అచ్చం ముల్లంగి విరిచిన చప్పుడే వచ్చింది. ఆయన అరిచాడు, పట్టు సడలింది, నేను ఒక మోకాలి మీద పడి గాలి పీల్చానో లేదో, మోచేత్తో మొహం మీద కొట్టాడు. పెదవి చీలిపోయింది, పన్ను ఒకటి నాలుక మీదికొచ్చింది. "లంజదానా, నిన్ను సుత పంపుత వాని పక్కకు" అన్నాడు. ఈసారి ఎవరికి వినబడుతుందో కూడా చూసుకోలేదు. తన్నుకు కాలెత్తాడు. నాయిన నేర్పిన మొట్టమొదటి పట్టు అదే. ఎత్తిన కాలు దొరకబుచ్చుకుని, నిలబడ్డ కాలిని తీసేశాను. మొహం సిమెంటుకు కొట్టుకుని బోర్లా పడ్డాడు. వీపెక్కి, చెయ్యి వెనక్కి మెలిపెట్టి, భుజం మీద మోకాలు పెట్టాను.

హరికిషన్ నేల మీద తట్టాడు. రెండుసార్లు.

నాకు వినబడింది. అందరికీ వినబడింది. తెర మీద కూడా ఆ పుల్లల చెయ్యి రెండుసార్లు లేచి పడింది.

"చూసినం బిడ్డా" అన్నాడు విజయేందర్ మాస్టర్. "అంతా చూసినం. ఇడువు ఇగ."

వదిలితే అయిపోయేది. నెగ్గాను కదా. కానీ నా చేతులు తెరుచుకోలేదు, తెరవాలని నేను అనుకోలేదు కూడా. ఆయన మళ్లీ తట్టాడు, "చెల్లె, చెల్లె" అని ఏడ్చాడు, ముక్కులోంచి రక్తం నేల మీద బుడగలు కట్టింది. నాకు హాయిగా ఉంది. తమ్ముడి మెడ విరిగినప్పటి నుంచీ మొదటిసారి హాయిగా ఉంది. ఇంకొంచెం మెలిపెట్టాను. భుజం గూడులోంచి ఊడి వచ్చింది. ఆయన అరుపు ఆగిపోయి, ఒళ్లు మెత్తబడింది.

అప్పుడు వదిలాను.

హరికిషన్‌ను ఆటో ఎక్కించి పంపాక, మాస్టర్ ఆయన సంచి వెతికి కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. పళ్లు నేల మీద దొర్లుతున్నాయి. తర్వాత నా ముందుకొచ్చి నిలబడి చెయ్యి చాపాడు.

"నీది సుత ఇయ్యి బిడ్డా."

"మాస్టర్, ఆయన నన్ను చంపుతుండె" అన్నాను, నోట్లో రక్తంతో.

"చూసిన. వాడు తట్టింది సుత చూసిన. మీ నాయినుంటే ఏం జేసేటోడో నువ్వే జెప్పు."

కార్డు తీసి ఇచ్చాను. అందులో ఫోటో పాతది, రెండు జడల పిల్ల. ఉదయ్ గదిలోకి పోయి యుగంధర్ షాట్‌ను తన చేత్తో తుడిచేశాడు, తర్వాత మాది కూడా తుడుస్తానన్నాడు. "మాది ఉండనీ సార్. మేమేందో తెల్వాలె గదా" అన్నాను. వెంటనే మళ్లీ, వద్దు, తుడిచెయ్యమన్నాను.

ఆస్పత్రికి పోయేసరికి ఎండ ఇంకా ఉంది. పెదవికి కుట్లు వేయించుకుని తమ్ముడి మంచం పక్కన కూర్చున్నాను. వాడు నా మొహం చూసి బెదిరిపోయాడు, ఏమైందని అడగలేదు. అడగాల్సింది వేరే ఉంది వాడికి.

"అక్కా, నేను..."

"తట్టినవ్ రా" అన్నాను. "ఒక్కసారి గాదు. ఊపిరి ఉన్నంతసేపు తట్టినవ్. మాస్టర్ చూసిండు, యూనియనోళ్లంత చూసిన్రు. నీ కార్డు యాడికి బోదు. నువ్వేం మరవలే."

వాడు కళ్లు మూసుకున్నాడు. చెంపల మీంచి నీళ్లు కాలర్‌లోకి పోతున్నాయి. "నాయినా" అన్నాడు, నాతో కాదు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, రెండు చేతులతో, గట్టిగా.

కాసేపటికి కళ్లు తెరిచి నా మొహం వైపు, గీరుకుపోయిన చేతుల వైపు చూశాడు.

"హరన్న తట్టిండా అక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. వాడికి తెలిసే దారి లేదు, మాస్టర్ చెప్పే మనిషి కాదు. నోరు తెరిచాను.

"తట్టిండు" అన్నాను.

యుగంధర్ నన్నే చూస్తూ ఉండిపోయాడు. నా పిడికిట్లో ఉన్న వాడి చెయ్యి చిన్నగా కదిలింది. మెడ విరిగిన తర్వాత ఆ చెయ్యి కదలడం అదే మొదలు. వేళ్లు అతి కష్టం మీద లేచి, నా మణికట్టు మీద రెండుసార్లు తట్టాయి.

వదిలేశాను.